గోడ బయట గొయ్యి

నా మాట ఎవరూ పట్టించుకోరా? ఆఁ? ఏమయ్యా హెడ్మాస్టరూ, నా మాటంటే అంత చులకనా నీకు?

పెట్టెలో పడుకుని మూతి బిగించుకుంటే సరిపోయిందనుకున్నావా! జీవితమంతా బళ్ళో పిల్లల చెవులు మెలిపెట్టి నోళ్ళు మూయించావు. ఇవాళ నీ నోరు మూతపడింది, నా వంతొచ్చింది. విను. తప్పు మాట్లాడితే లేచి దిద్దు, నాకేం అభ్యంతరం లేదు.

వద్దులే, లేవకు, ఊరికే అన్నా. నువ్వు లేస్తే ముందు తలుపు వెతుక్కునేది నేనే.

చూడు, నీ కోటు వేసుకున్నా. టోపీ పెట్టా. ఈ కళ్ళజోడేంటయ్యా, ముక్కు మీద తేలు పట్టుకున్నట్టుంది, ఎలా పెట్టుకు తిరిగావో! పొద్దున ఇదే వేషంలో, చేతులు వెనక్కి కట్టుకుని, నీలాగే దగ్గి, "ఎవరక్కడ మాట్లాడేది?" అని వాకిట్లోకొచ్చానా, నీ కోడలు ఏడుస్తూ ఏడుస్తూ ఫక్కున నవ్వేసింది. నీ కొడుకు టెండెకయి అయితే లేచి నిలబడ్డాడు! మనవలున్నవాడు, పాపం. అంతలా భయపెట్టి పెంచావు వాణ్ణి.

ఏం చెయ్యను, సావిరాగా పుట్టాక తప్పుతుందా? మీ ఇంట్లో పీనుగ లేస్తే మా ఇంటివాళ్ళు రావాలి, మా ఇంట్లో లేస్తే మీ ఇంటివాళ్ళు రావాలి. కొడుకులు, కూతుళ్ళు ఏడవాలి, సావిరా నవ్వించాలి. పోయినవాడి గుడ్డలు తొడుక్కుని వెక్కిరించాలి. వాడి గుట్టు రట్టు చెయ్యాలి. గొయ్యి ఎక్కడో చూపించాలి. పెట్టె ఎప్పుడు కదలాలో చెప్పాలి. నేను చెప్పందే నిన్నిక్కడ నుంచి కదిపే మగాడు ఈ చిరువా ఊళ్ళో లేడు తెలుసా? ఫాదరైనా సరే, వాకిట్లో నిలబడాల్సిందే. ఇప్పుడూ అదే చేస్తున్నారు, సమాధుల తోట దగ్గర గుమిగూడి కొట్టుకుంటున్నారు. నీ గురించే! కొట్టుకోనీ. మనకేం తొందర?

సావిరా ఏమన్నా ఎవరికీ కోపం రాకూడదు. అదీ రివాజు. అందుకేగా ఆస్పత్రి మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని అన్నావు, "మైడెయీ, ఆ సంగతి నేను పోయాక నువ్వే చెప్పు. నువ్వు చెబితే ఎవరికీ కోపం రాదు" అని.

కోపం రాదు! అబ్బబ్బ, ఎంత తెలివయ్యా! కోపం రాదు సరే, నమ్మకం మాత్రం వస్తుందా? అది ఆలోచించావా?

చెప్పానయ్యా. నిన్న పొద్దుగూకే వేళ, జనమంతా నీ చుట్టూ కూర్చుని కీర్తనలు పాడుతుంటే, మధ్యలో లేచి నీ టోపీ సవరించుకుని గట్టిగా చెప్పా. "వినండర్రా! మన చర్చి సమాధుల తోట గోడ కట్టింది తెల్ల ఫాదరు కాదు! అది మా ముత్తవ్వ ముచానేటా మేకల దొడ్డి! మీ తాతలూ మీ అవ్వలూ అందరూ మేక పెంటికల మీద పడుకుని పునరుత్థానం కోసం ఎదురు చూస్తున్నారు!"

అంతే. నవ్వు! ఇల్లు ఎగిరిపోయేట్టు నవ్వు! స్త్రీల సమాజం ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. ఒకావిడ టీ ఒళ్ళో ఒలకబోసుకుంది. ఆ వార్డెను గాడ్‌నోస్ లేడూ, చర్చి తాళాలు నడుముకి కట్టుకుని తిరిగే పెద్దమనిషి, కళ్ళు తుడుచుకుంటూ "ఇంకోసారి అంబుయా, ఆ పెంటికల మాట ఇంకోసారి చెప్పవ్వా" అన్నాడు. ఇంకోసారి చెప్పా. ఇంకా నవ్వాడు.

నిజమర్రా అన్నా. నిజమంటే మరీ నవ్వారు. ఒట్టు వేశా. ఒట్టుకి చప్పట్లు కొట్టారు!

సావిరా నోట్లోంచి నిజం ఊడిపడినా అది వేళాకోళమే. చావింట్లో నా మాట నమ్మేవాడెవడు? ఆ సంగతి తెలిసే నాకు అప్పజెప్పావు నువ్వు. నిజం చెప్పినట్టూ ఉండాలి, ఎవరూ వినకుండానూ ఉండాలి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. హెడ్మాస్టరు బుర్ర అంటే అదీ!

అసలు నిన్నెవడు తవ్వమన్నాడు ఆ సంగతంతా? వాళ్ళే కదా. చర్చికి నూరేళ్ళ పండగ వస్తోంది, బిషప్పు వస్తున్నాడు, సమాధుల తోట పుట్టుపూర్వోత్తరాలు రాయి మీద చెక్కించి ద్వారం దగ్గర నిలబెడదాం, మాస్టారూ మీరు కాస్త కనుక్కోండి అన్నారు. కనుక్కునేదేముంది? పసిపిల్లలకి కూడా తెలిసిన కథ. తెల్ల ఫాదరు గుర్రం దిగాడు, చొక్కా చేతులు మడిచాడు, రాయి మీద రాయి పేర్చి గోడ కట్టాడు, తన ఉపదేశి పావులో పోతే అందులో మొదటి సమాధి చేశాడు. ఆదివారం బళ్ళో పాట కూడా ఉంది. ఆ పాటే రాయి మీద చెక్కేస్తే పోయేది. నీకెందుకయ్యా ఆ దురద?

ముసలీ ముతకా అందరి ఇళ్ళకీ తిరిగావు. ఒక్కొక్కడూ ఆ పాటే నీకు వచనంలో చెప్పాడు. నీ మొహం రోజురోజుకీ ఉడకని సడ్జా ముద్దలా అయిపోయింది.

అప్పుడే కదూ ముసలి సబీనా పోయింది? గోతిలోకి పెట్టె దింపుతుంటే నేను గట్టు మీద నిలబడి ఎప్పుడూ అరిచేదే అరిచా, "లోపల మేకలున్నాయి, మెల్లగా దింపండి!" అని. జనం ఎప్పుడూ నవ్వినట్టే నవ్వారు. నువ్వొక్కడివే నవ్వలేదు. నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నావు. నేను సిగ్గుపడి గౌను సర్దుకున్నా, ఈ వయసులో ఏంటీ చూపు అని!

జనం వెళ్ళాక దగ్గరకొచ్చి అడిగావు. "మైడెయీ, ఇన్నేళ్ళుగా అరుస్తున్నావు. ఏ మేకలు?"

నాకేం తెలుసు? మా అమ్మ అలా అరిచేది. మా అమ్మకి వాళ్ళమ్మ. మీ ఇంట్లో పీనుగైనా, ఇంకెవరింట్లో పీనుగైనా, ఆ గోడ లోపల దింపేటప్పుడు మా ఇంటి ఆడది ఆ మాట అరవాలి, అంతే. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. వేళాకోళానికి అర్థమేంటని ఎవరైనా అడుగుతారా? నీలాంటివాడు తప్ప!

ఇక చూడాలి నీ వరస. కోటు విప్పి నా మీద పడేసి, ఆ గోడ సందు దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డావు. పావులో కోసం ప్రార్థన చేస్తున్నావేమో అనుకున్నా. కాదు, రాళ్ళు తడుముతున్నావు. "ఇదిగో చూడు, ఇటో కన్నం, అటో కన్నం. అడ్డకర్రలు దూర్చే కన్నాలివి! సమాధుల తోటకి అడ్డకర్రలెందుకు సావిరా? చచ్చినవాళ్ళు పారిపోతారా?" అన్నావు.

తర్వాత మట్టి. బయట నేలంతా ఎర్రగా, గులకరాళ్ళతో, గునపం దిగదు. గోడ లోపల నల్లగా, మెత్తగా, వెన్నలా ఉంటుంది. గోతులు తవ్వే కుర్రాళ్ళకి ఎప్పట్నుంచో తెలుసు, లోపలి గొయ్యి అంటే పోటీలు పడతారు. తెల్ల ఫాదరు దీవించిన నేల కదా, అందుకే మెత్తన అనుకునేవాళ్ళం. నువ్వు గుప్పెడు తీసి వాసన చూశావు. నా ముక్కు కింద కూడా పెట్టావు, ఛీ! మేక! ఇన్నేళ్ళ తర్వాత కూడా మేకే!

ఆ రోజు నీ మొహం చూడాలయ్యా. పళ్ళు రాలిన పిల్లాడు పండు దొంగిలించినట్టు. అంత సంతోషం నీ పెళ్ళినాడు కూడా లేదు నీ మొహంలో. నీ పెళ్ళాం ఎస్తేరు వింటే ఏమంటుందో! ముటారే పట్నంలో కూతురి దగ్గర పోయి అక్కడే మట్టిలో కలిసింది కాబట్టి సరిపోయింది.

ఏటి అవతల ముసలి సెకురు దగ్గరికి ఇద్దరం నడిచి వెళ్ళాం, గుర్తుందా? ఆయనకి పళ్ళు లేవు, నవ్వితే చిగుళ్ళే. మేకల దొడ్డి అనగానే నవ్వడం మొదలుపెట్టాడు. "అదా! మా నాన్న బీరు తాగినప్పుడల్లా చెప్పి నవ్వేవాడు" అన్నాడు. చూశావా? బోడి గొప్పల కథలన్నీ ఫాదర్లు గంభీరంగా చెప్పారు, జనం నమ్మారు. జరిగిన సంగతి నవ్వుతూ చెప్పుకున్నారు, ఎవరూ దాచుకోలేదు.

పావులో ఎక్కణ్ణుంచో సముద్రం దిక్కునుంచి వచ్చిన పరాయి మనిషి. మెడలో శిలువ, చేతిలో గంట. వచ్చిన వారంలోనే మా ముత్తవ్వ రాగుల బీరు కుండ తన్ని పగలగొట్టాడు, సాతాను నీళ్ళట! ముత్తవ్వ ఊరుకుంటుందా? రోజూ పొద్దున్నే వాడి గుడిసె ముందు నిలబడి వాణ్ణీ, వాడి దేవుణ్ణీ, వాడి గంటనీ కలిపి కడిగేసేది. వాడు లోపల్నుంచి కీర్తన అందుకునేవాడు. ఊరికి కోడి కూతతో పని లేకపోయిందట, వీళ్ళిద్దరి గోలకే లేచేవాళ్ళట!

వానల్లో జ్వరం తగిలింది పావులోకి. పోయాడు. ఏరు పొంగింది, తెల్ల ఫాదరు ఆ ఒడ్డున. ఇక్కడేమో ఎవరూ ముట్టుకోరు. వాడి కులగుర్తు ఏంటి? సింహమా, కోతా, ఏనుగా, ఏదీ తెలీదే! ఏ పేరు పెట్టి పిలిచి వాడి పెద్దలకి అప్పజెప్పాలి? తప్పుగా పూడిస్తే వానలు ఆగిపోతే ఎవరిది పూచీ? పెద్దలంతా కూర్చుని గడ్డాలు గోక్కున్నారు. శవం అలాగే ఉంది.

అప్పుడొచ్చింది మా ముత్తవ్వ. "నా కుండ పగలగొట్టినవాణ్ణి నేను కాక ఇంకెవరు పూడుస్తారర్రా?" అంది. గట్టి నేల తవ్వే ఓపిక లేదు. మేకల్ని బయటికి తోలి దొడ్డిలోనే తవ్వింది. మెత్తగా ఉంటుందని, అంతే! దీవెనా లేదు, పాడూ లేదు. వాణ్ణి దింపి, గట్టున నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని తిట్టింది. "నీ దేవుడు నీకు గొయ్యి కూడా తవ్వలేదేం రా!" అని మొదలుపెట్టి అలిసిపోయేదాకా తిట్టింది. పెద్దలు బిత్తరపోయి ఇదేంటంటే, "ఇతనికి ఎవరూ లేరన్నారుగా? తిట్టేదాన్ని నేనున్నా" అంది.

ఆ మాట చెప్పేటప్పుడు ఆ ముసలాయన నవ్వు ఆపాడు. నువ్వు కళ్ళజోడు తీసి తుడుచుకున్నావు. ధూళి పడిందన్నావు. అబద్ధాలకోరు!

ఏరు తీశాక తెల్ల ఫాదరు వచ్చాడు. చక్కగా గోడ, మధ్యలో సమాధి. మురిసిపోయి ఎవరు కట్టారీ గోడ అని అడిగాడు. ముత్తవ్వ మొహంలో ఒక్క గీతైనా కదలకుండా "మీ దేవుడే, నిన్న వచ్చి కట్టిపోయాడు" అందిట. ఆయన మోకరిల్లాడు! వేళాకోళమని ఎవరూ చెప్పలేదు పాపం, చెబితే సావిరా పని చెడిపోదూ? ఆయన తర్వాతి ఫాదరుకి దేవుడు కట్టాడంటే బాగుండదనిపించిందో ఏమో, ముందు ఫాదరే కట్టాడని మార్చేశాడు. అలా అలా పాటైంది.

తర్వాత ఆ దొడ్డిలోకి ఎవరొచ్చారు? గనిలో చచ్చిన ఊరూపేరూ లేనివాళ్ళు. కవలల్ని కన్నదని అత్తవారు వెళ్ళగొట్టిన పిల్ల. కుష్ఠు వచ్చిన ముసలాడు. దిక్కులేనివాళ్ళందరికీ అదే చోటు, ముత్తవ్వే తవ్వడం, ముత్తవ్వే తిట్టడం. ఆ తర్వాత చర్చి పెద్దదైంది, రంగు అద్దాలొచ్చాయి. బాప్తిస్మం ఉన్నవాళ్ళకే లోపల చోటన్నారు. ముత్తవ్వ పోతే బీరు కాచే అన్యురాలని గోడకి బయట, ఆ ముజాంజే చెట్టు కింద పడేశారు. ఆమె దొడ్డి బయట ఆమెనే!

ఇదంతా తవ్వి తీసింది నువ్వే. నేను కాదు. నేను అర్థం తెలీకుండా అరిచేదాన్ని మాత్రమే. అంత గొప్ప పని చేసి, పెద్దల సమావేశంలో ఏం చేశావు?

నేను కిటికీ బయటే నిలబడి ఉన్నాలే. చూశా అంతా. లేచావు. కళ్ళజోడు తుడిచావు. దగ్గావు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడని నేను తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటున్నా. అప్పుడు వార్డెను గాడ్‌నోస్ అన్నాడు కదా, "మాస్టారి సేవకి గుర్తుగా, ఉపదేశి పావులో సమాధి పక్క చోటు మాస్టారికే అట్టిపెడుతున్నాం" అని. చప్పట్లు. నువ్వు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పరిశోధనలో తేలిందేమిటంటే, గోడ చాలా పాతది" అన్నావు.

గోడ పాతది! అంతే! కూర్చున్నావు!

ఆరడుగుల నేలకి అమ్ముడుపోయావయ్యా. బతికుండగా ఎకరాలకి ఆశపడ్డవాళ్ళని చూశా గానీ గొయ్యికి నోరు కట్టేసుకున్నవాణ్ణి నిన్నే చూశా. ఆ రోజు నుంచి నీతో మాట్లాడటం మానేశా. నువ్వు గేటు దాకా వచ్చి దగ్గి వెళ్ళేవాడివి. నేను వినబడనట్టు గింజలు చెరుగుతూ కూర్చునేదాన్ని. తర్వాత జబ్బు పడ్డావు. జబ్బు పడితే అలక ఎవరి మీద పెట్టుకోను, దొంగ వేషాలు కాకపోతే!

సరే. నిన్న నోటితో చెప్పా, నవ్వారు. రాత్రంతా ఆలోచించా. నోటితో చెబితే నవ్వుతారు, మరి గునపంతో చెబితే?

తెల్లారకముందే తవ్వే కుర్రాళ్ళొచ్చారు, చోటు చూపించమని. వార్డెను నిన్ననే గోడ లోపల, పావులో పక్కన, సున్నంతో చక్కగా గీత గీయించి పెట్టాడు. నేను నీ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని ఆ గీత చూశా. "అందంగా ఉంది" అన్నా. గోడ సందులోంచి బయటికొచ్చా. ముజాంజే చెట్టు కిందికెళ్ళా. ముత్తవ్వ రాళ్ళ కుప్ప పక్కన కర్రతో గీశా. "ఇక్కడ" అన్నా.

వాళ్ళు మొహాలు చూసుకున్నారు. "అంబుయా, ఇది బయట కదా?"

"లోపలేదో బయటేదో నాకు నేర్పుతార్రా? ఇది హెడ్మాస్టరు ఆఖరి కోరిక. తవ్వండి!" నీ గొంతుతోనే అన్నా. నీ గొంతు వినగానే వాళ్ళకి బెత్తం గుర్తొచ్చినట్టుంది, ఇంక నోరెత్తలేదు. పాపం గట్టి నేల, చెమటలు కక్కారు.

సంఘ పెద్దలు స్నానాలు చేసి, మెడలకి టైలు బిగించుకుని వచ్చేసరికి గొయ్యి నడుం లోతు దాటిపోయింది. ఇక గోల! వార్డెను గాడ్‌నోస్ తాళాలు గలగలలాడిస్తూ పరిగెత్తుకొచ్చాడు. "ఇదేం పని అంబుయా మైడెయీ! మతి ఉండే చేశారా?"

"వేళాకోళమాడా నాయనా" అన్నా.

"వేళాకోళమా!"

"సావిరాని కదా? నిన్న నా వేళాకోళానికి కళ్ళు తుడుచుకుని మరీ నవ్వావు. ఇవాళ ఎందుకు నవ్వవు?"

తాళాల గుత్తి పిసుక్కున్నాడు. కోపగించుకోకూడదుగా! మింగలేక, కక్కలేక. కుర్ర ఫాదరు ముందుకొచ్చి, "పర్వాలేదు, ఇది పూడ్చేసి లోపల ఇంకోటి తవ్వండి" అన్నాడు. మెత్తగా, చదువుకున్నవాడిలా.

కుర్రాళ్ళు గునపాలు కింద పెట్టేశారు. ఒక్కడూ కదల్లేదు.

తవ్విన గొయ్యిని ఖాళీగా పూడుస్తారా ఎక్కడైనా? మనిషి కోసం తెరిచిన నోరది. మట్టితో మూసేస్తే ఊరుకుంటుందా? పూడ్చినవాడి ఇంటికే వచ్చి అడగదూ?

ఫాదరుకి చిరాకొచ్చింది. "ఇవన్నీ మూఢనమ్మకాలు, మనం క్రైస్తవులం" అన్నాడు. "అవునవును, మూఢనమ్మకాలే" అన్నాడు వార్డెను. "శుద్ధ మూఢనమ్మకాలు" అన్నారు మిగతా పెద్దలు. "మరింకేం, పూడ్చండి" అని నేను పార తీసి వార్డెను చేతికిచ్చా. ఆయనకి హఠాత్తుగా నడుంనొప్పి గుర్తొచ్చింది. పక్కాయనకిచ్చాడు. పక్కాయన కొత్త బూట్లేసుకున్నాడట. అలా పార చేతులు మారి మారి ఫాదరు దగ్గరికే చేరింది.

పాపం కుర్రాడు. పార పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. లోపలికి చూశాడు. మన చర్చిలో ఫాదర్లకి పెళ్ళిళ్ళున్నాయిగా, ఈయనకి ఈమధ్యే అయింది, పెళ్ళాం కడుపుతో ఉంది. ఊపిరి తీసుకుని, పారెడు మట్టి ఎత్తాడు... ఎత్తి, మెల్లగా పక్కనే పోశాడు. "ఎండెక్కుతోంది, ముందు అందరం కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

నేను నవ్వలేదయ్యా. ఒట్టు. నీ టోపీ మొహం మీదికి లాక్కున్నా, అంతే.

ఎవరది? ఆ, రా టెండెకయీ, రా. మీ నాన్నకి మీ ఊసులే చెప్తున్నా. ఏంటి, నిజంగానా? నిజంగానే అడిగాడా అంటావా? చూడు, మీ నాన్న మొహం మీద చెయ్యేసి చెప్తున్నా. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "సావిరా, ఆ పెద్దావిడ ఒక్కతే బయటుంది, నన్నామె పక్కన పెట్టు" అన్నాడు. కన్నీళ్ళు పెట్టుకున్నాడు కూడా. అవును నాయనా. ఆ మాటే వెళ్ళి వాళ్ళకి చెప్పు. కొడుకు మాట కాదనరు. గట్టిగా చెప్పు, నసగకు, మీ నాన్న వింటున్నాడు!

వెళ్ళాడు. మంచివాడు. ఎవరు చెప్పినా నమ్మేస్తాడు.

ఏంటా చప్పుడు? ఉండు, తలుపు సందులోంచి చూస్తా... హెడ్మాస్టరూ! రాళ్ళు! గోడ రాళ్ళు ఊడబీకుతున్నారయ్యా! కుర్రాళ్ళు వరసగా నిలబడి చేతులు మార్చుకుంటూ అందిస్తున్నారు. వార్డెను చొక్కా చేతులు మడిచి మరీ రాళ్ళు పేరుస్తున్నాడు! నడుంనొప్పి ఏమైందో!

ఏమ్మా పిల్లా, ఏమంటున్నారక్కడ? ఆఁ? ఫాదరు అన్నాడా? హెడ్మాస్టరంతటి మనిషి గోడ బయటుంటే రేపు బిషప్పు ముందు పరువు పోతుందనా? అందుకని గోడనే జరిపేద్దామన్నాడా? చెట్టు కూడా లోపలికొచ్చేట్టా? మరి ముచానేటా ముత్తవ్వ... "ఉన్న మనిషిని ఎక్కడికి పొమ్మంటాం, ఆవిడా లోపలున్నట్టే" అన్నాడా గాడ్‌నోస్? ఆ మాట అన్నాడా! వెళ్ళు, వెళ్ళి చెప్పు, పెట్టె ఇప్పుడే తెస్తారని చెప్పు. కాసేపాగి.

విన్నావా హెడ్మాస్టరూ? ఆవిడ లోపలికొచ్చేసింది.

ఇక మనిద్దరమే. చెవి ఇటు పెట్టు. సరే, నేనే వంగుతా.

నువ్వు అడగలేదు. నాకు తెలుసు, నీకూ తెలుసు. ముత్తవ్వ పక్కన పెట్టమని నువ్వు ఏనాడూ అనలేదు. పావులో పక్క చోటంటే నీకెంత మోజో నేను చూడలేదా? సాయంత్రాలు వెళ్ళి ఆ నేల మీద కలుపు పీకేవాడివి, మెత్తగా ఉందో లేదో కాలితో నొక్కి చూసుకునేవాడివి. నీ చోటు నేనే లాగేసుకున్నా. నీ మెత్తటి మట్టి పోయింది, గులకరాళ్ళ మీద పడుకుంటావు పాపం.

ముత్తవ్వ కోసం చేశానని ఊళ్ళో చెప్పుకుంటా. నిజం బయటపడాలని చేశానని కూడా అంటా, బాగుంటుంది వినడానికి. అదీ పూర్తి నిజం కాదులే.

నాకు బాప్తిస్మం లేదు. ఇప్పటికీ రాగుల బీరు కాస్తున్నా. రేపు నేను పోతే నన్ను పెట్టేది ఆ చెట్టు కిందే. నువ్వు గోడ లోపల పెద్దల మధ్య, నేను బయట. నిన్నో మాట అనాలంటే గోడ మీంచి అరవాలి. నా వల్ల కాదయ్యా.

అయినా ఇది నీ తప్పే. నువ్వు ముందు పోకూడదు. నా పాత గౌను తొడుక్కుని, ఆ గూని నడక నడిచి, నన్ను నలుగురిలో వెక్కిరించాల్సినవాడివి నువ్వు. ఇప్పుడు నా గట్టున ఎవరు నిలబడతారు? నీ కొడుకా? వాడు మర్యాదస్థుడు. చేతులు కట్టుకుని "అంబుయా మైడెయి చాలా మంచివారు" అంటాడు. మంచివారట! అంతమంది ముందు, ఆ ముక్క విని నేను గోతిలో ఎలా పడుకోనయ్యా?

ఏడుపా? నాకా? ఈ కళ్ళజోడు. పాడు కళ్ళజోడు, తీసేస్తున్నా. ఇదిగో, నీ జేబులో పెడుతున్నా.

అబ్బాయిలూ! రండర్రా, ఎత్తండి. కాళ్ళు ముందు, కాళ్ళు ముందు! గుమ్మం దగ్గర జాగ్రత్త.

హెడ్మాస్టరూ, ఆ గోతిలో చాపుకుని పడుకోకు. కాస్త ఆ పక్కకి జరుగు. వచ్చేది లావుపాటి మనిషి.